నాటకం చదవొద్దు, వినండి

ఈ సంచికకి ఏం రాస్తావని క్లబ్ మీటింగ్‌లో అడిగితే "ఎలిజబెత్ రాణి కాలం నాటకాల గురించి" అన్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఫైనల్ ఇయర్ అక్క ఒకావిడ నవ్వుతూ "తమ్ముడూ, మనది తెలుగు క్లబ్బు. గుర్తుందా?" అంది.

గుర్తుంది అక్కా. అందుకే ఇక్కడ రాస్తున్నా. ఇంగ్లిష్ మ్యాగజైన్‌లో రాస్తే అన్నీ తెలిసినట్టు నటించాల్సి వస్తుంది, ఇక్కడ ఆ బాధ లేదు. నేను నర్సరీ నుంచి ఇంగ్లిష్ మీడియం. తెలుగు పేపర్ ఇప్పటికీ కూడబలుక్కుంటూనే చదువుతాను. ఈ వ్యాసంలో ఒత్తులు, దీర్ఘాలు మా అమ్మ ఫోన్‌లో చూసి దిద్దింది. ఇంత ఇంగ్లిష్ చదివీ నేను షేక్‌స్పియర్‌ని ఒక్క పూట కూడా ఆనందించలేదు. ఆ మాట ఒప్పుకోవడానికి నాకు తెలుగే సుఖంగా ఉంది.

తొమ్మిది, పది తరగతుల్లో మాకు 'మర్చంట్ ఆఫ్ వెనిస్' ఉండేది. టీచర్ ఒక లైన్ చదివేవారు, ఆగి అర్థం చెప్పేవారు, మేం పుస్తకంలో పెన్సిల్‌తో ఆ అర్థం రాసుకునేవాళ్ళం. మళ్ళీ ఇంకో లైన్. సినిమాని ప్రతి మూడు సెకన్లకి పాజ్ చేసి చూస్తే ఎలా ఉంటుందో అలా సాగింది రెండేళ్ళు. ఎవరు ఎవరితో అన్నారు, ఏ సందర్భంలో అన్నారు, ఇందులో అలంకారం ఏమిటి, ఇవే ప్రశ్నలు. మార్కులు బాగానే వచ్చాయి. బోర్డ్ ఎగ్జామ్ అయిన రోజు సాయంత్రం ఆ పుస్తకం తీసుకెళ్ళి జూనియర్‌కి సగం ధరకి అమ్మేశాను. మళ్ళీ దాని మొహం చూడకూడదనుకున్నాను.

ఫస్ట్ ఇయర్ సెలవులకి రాత్రి బస్సులో ఇంటికి వెళ్తున్నప్పుడు కథ మారింది. లిబ్రివాక్స్ అని ఉంటుంది, పాత పుస్తకాలను వాలంటీర్లు చదివి రికార్డ్ చేసి ఉచితంగా పెడతారు. నెట్ పోతుందేమోనని ఏదో ఒకటి ముందే డౌన్‌లోడ్ చేసుకుందామని వెతుకుతుంటే క్రిస్టఫర్ మార్లో రాసిన 'డాక్టర్ ఫాస్టస్' కనిపించింది. చిన్నది కదా అని తీసుకున్నా. లైట్లు ఆర్పేశారు, కిటికీ పక్క సీటు, చెవిలో ఇయర్‌ఫోన్స్. సగం మాటలు అర్థం కాలేదు. అయినా ఆపలేదు. ఇదే నాకు వింతగా అనిపించింది. స్కూల్లో ప్రతి మాటకీ అర్థం తెలుసు, ఒక్క ముక్క నచ్చలేదు. బస్సులో సగమే తెలిసింది, చివరికొచ్చేసరికి చేతుల మీద వెంట్రుకలు లేచాయి.

ఎందుకిలా అని తర్వాత వెతికితే తెలిసింది. ఆ నాటకాలు రాసింది చదువుకోవడానికి అసలు కాదు. లండన్‌లో 1576లో జేమ్స్ బర్బేజ్ అనే ఆయన షోర్‌డిచ్ అనే చోట నాటకాల కోసమే ఒక కట్టడం కట్టి దానికి 'ది థియేటర్' అనే పేరు పెట్టాడు. 1587లో ఫిలిప్ హెన్స్‌లో అనే వ్యాపారి నది అవతల 'రోజ్' కట్టించాడు. 1599లో 'గ్లోబ్' వచ్చింది. ఆ గ్లోబ్‌కి వాడిన కలప షోర్‌డిచ్ థియేటర్‌దే. స్థలం యజమానితో లీజు గొడవ వస్తే, 1598 డిసెంబర్ చివర్లో నటులే వెళ్ళి ఆ కట్టడం విప్పేసి, దూలాలు ఎత్తుకొచ్చేశారు. (మన హాస్టల్ ఖాళీ చేసేటప్పుడు ఫ్యాన్లు విప్పుకెళ్ళే బ్యాచ్ గుర్తొచ్చింది నాకు.)

టికెట్ ఒక పెన్నీ. పౌనుకి అప్పట్లో 240 పెన్నీలు. ఆ ఒక్క పెన్నీకి పైకప్పు లేని చోట, స్టేజీ ముందు, రెండు మూడు గంటలు నిలబడి చూడాలి. కూర్చోవాలంటే ఇంకో పెన్నీ. పనులు నేర్చుకునే కుర్రాళ్ళు, చెప్పులు కుట్టేవాళ్ళు, పడవవాళ్ళు, లాయర్ చదువుకి వచ్చిన స్టూడెంట్స్ అందరూ వచ్చేవాళ్ళు. రోజ్ థియేటర్ పునాదులు 1989లో తవ్వకాల్లో బయటపడితే నేల నిండా హేజెల్‌నట్ తొక్కలు దొరికాయి. అంటే మన పల్లీల లాంటివి కొరుక్కుంటూ చూశారన్నమాట. వాళ్ళలో చాలామందికి చదవడం రాదు. వాళ్ళెవరి దగ్గరా అర్థాలు రాసిన గైడ్ లేదు.

ఇంకో సంగతి ఉంది, నా వాదన అంతా దీని మీదే నడుస్తుంది. ఆటలు మధ్యాహ్నం పూట, ఎండలోనే జరిగేవి. లైటింగ్ లేదు. సెట్టింగులు దాదాపు లేవు. మరి అర్ధరాత్రి దెయ్యం కనిపించాలంటే ఎలా? అర్ధరాత్రి అయిందని, చలిగా ఉందని, గంట కొట్టిందని పాత్రల చేతే చెప్పించాలి. తుఫాను, అడవి, యుద్ధం, తెల్లవారడం అన్నీ మాటల్లోనే కట్టాలి. అందుకే ఆ మాటలు అంత దట్టంగా ఉంటాయి. స్కూల్లో నాకు 'ఇంత వర్ణన ఎందుకురా బాబూ' అనిపించిన భాగాలన్నీ నిజానికి వాళ్ళ లైటింగూ సెట్టింగూ. అంటే బొమ్మ లేకపోయినా ఈ నాటకాలకి పెద్దగా పోయేదేమీ లేదు. నాలుగు వందల ఏళ్ళ ముందే ఇయర్‌ఫోన్స్‌కి సరిపోయేలా రాసి పెట్టారు. అప్పటి జనం కూడా నాటకం 'వినడానికి' వెళ్తున్నాం అనేవాళ్ళట.

ఈ ముక్క చదివినప్పుడు నాకు మా తాతయ్య గుర్తొచ్చాడు. ఆయన మూడో తరగతితో ఆపేశాడు. కానీ చుట్టుపక్కల ఏ ఊళ్ళో హరిశ్చంద్ర నాటకం ఉన్నా రాత్రంతా కూర్చుని వినేవాడు. కాటి సీను వచ్చేసరికి తెల్లారగట్ల అయ్యేది. ఆ పద్యాల్లో మాటలన్నింటికీ అర్థం తెలుసా తాతయ్యా అని ఒకసారి అడిగితే, "అన్నీ ఎవడికి తెలుస్తాయిరా, రాగం తీసినప్పుడు తెలిసిపోయేది" అన్నాడు. ఆయన తెలుగు పద్యం విన్నట్టు మార్లోని వినొచ్చని నాకు ఎవరూ చెప్పలేదు. పోనీ ఆయన విన్న పద్యమన్నా నాకు వచ్చా అంటే, అదీ రాదు.

సరే, ఫాస్టస్ కథ చెప్తాను. స్పాయిలర్ అనుకోకండి, ఆ కథ అప్పటివాళ్ళకి కూడా ముందే తెలుసు.

జర్మనీలో విట్టెన్‌బర్గ్ అనే యూనివర్సిటీ ఊరు. ఫాస్టస్ అక్కడ టాపర్. మొదటి సీన్‌లోనే తర్కం, వైద్యం, న్యాయం, మతశాస్త్రం ఒక్కొక్క పుస్తకమే తీసి 'ఇది అయిపోయింది, ఇందులో ఇంకేం లేదు' అని పక్కన పడేస్తాడు. మంత్రవిద్య పట్టుకుంటాడు. మెఫిస్టోఫిలిస్ అనే దూత వస్తాడు. ఒప్పందం ఏమిటంటే, 24 ఏళ్ళు అడిగిందల్లా చేసిపెడతాడు, ఆ తర్వాత ఫాస్టస్ శాశ్వతంగా నరకానికి. రక్తంతో సంతకం చేయాలి. సంతకం మధ్యలో రక్తం గడ్డకడుతుంది. నిప్పులు తెచ్చి కరిగిస్తారు. చేతి మీద 'పారిపో' అని అక్షరాలు కనిపిస్తాయి. అయినా చేస్తాడు. నాకు ఈ నాటకంలో అన్నిటికంటే నచ్చింది ఏమిటంటే, దెయ్యమే అందరికంటే నిజాయితీపరుడు. నరకం ఎలా ఉంటుందో అడిగితే దాచకుండా చెప్తాడు, ఇంత తొందరపడకు అన్నట్టే మాట్లాడతాడు. ఫాస్టస్ వినడు. యాప్ పెట్టేటప్పుడు మనం కింద దాకా చదవకుండా 'ఐ అగ్రీ' నొక్కినట్టు నొక్కేస్తాడు.

మా రూమ్మేట్ జిల్లా పరిషత్ హైస్కూల్ నుంచి వచ్చాడు. ఇంటర్ దాకా తెలుగు మీడియం. లాజిక్ రాయడంలో మా బ్యాచ్‌లో వాడికి సాటి లేదు, కానీ సెమినార్ అంటే ఇంగ్లిష్‌లో మాట్లాడాలి కాబట్టి ఆ రోజు జ్వరం వస్తుంది. ఒకరోజు రాత్రి కరెంటు పోయింది. ల్యాప్‌టాప్‌లు చచ్చిపోయాయి, నేను ఫోన్ స్పీకర్‌లో ఫాస్టస్ పెట్టుకున్నాను. "ఏంట్రా ఆ గోల" అన్నాడు. కథ చెప్పాను. ఆ 24 ఏళ్ళలో ఫాస్టస్ ఏం చేశాడో కూడా చెప్పాను. రోమ్ వెళ్ళి కనిపించకుండా పోప్ ముందున్న పళ్ళెం లాక్కుంటాడు. ఒక గుర్రాల వ్యాపారికి గుర్రం అమ్ముతాడు, నీళ్ళలోకి దిగగానే అది గడ్డి మోపు అయిపోతుంది. గర్భంతో ఉన్న ఒక రాజుగారి భార్యకి జనవరి చలిలో ద్రాక్షపళ్ళు తెప్పించి ఇస్తాడు.

వాడు లేచి కూర్చున్నాడు. "ఆగు. ప్రాణం తాకట్టు పెట్టి, ద్రాక్షపళ్ళు తెప్పించాడా?" అని పగలబడి నవ్వాడు. నవ్వి నవ్వి కాసేపాగి, "అయినా మనం మాత్రం ఏం తెప్పిస్తున్నాంరా, బిర్యానీయేగా" అన్నాడు.

ఆ నాటకంలో మధ్య భాగం బలహీనం, మార్లో రాసి ఉండడు, జోకులు అతికించారు అని చాలామంది విమర్శకులు అన్నారట. సగం నిజమే కావచ్చు. మార్లో 1593లో 29 ఏళ్ళకే ఒక గదిలో గొడవలో కత్తిపోటుతో చనిపోయాడు. 1602లో హెన్స్‌లో ఫాస్టస్‌కి కొత్త భాగాలు కలిపినందుకు ఇద్దరు రచయితలకి 4 పౌన్లు ఇచ్చినట్టు తన లెక్కల పుస్తకంలో రాసుకున్నాడు. అందుకే ఈ నాటకానికి 1604లో అచ్చయిన వెర్షన్ ఒకటి, 1616లో అచ్చయిన పెద్ద వెర్షన్ ఒకటి ఉన్నాయి. రెండూ గుటెన్‌బర్గ్ సైట్‌లో దొరుకుతాయి. ఎవరు ఏది కలిపారో చెప్పే కమిట్ హిస్టరీ మాత్రం లేదు. కానీ నాకు మా రూమ్మేట్ నవ్వే రైట్ అనిపిస్తుంది. ఆ మధ్య భాగం చిల్లరగా ఉండటమే కథ. ప్రపంచాన్నే ఏలుతానన్నవాడు చివరికి పార్టీల్లో మ్యాజిక్ చేసేవాడిగా మిగిలాడు.

ఇక చివరి గంట. గడువు ముగిసే రాత్రి ఫాస్టస్ ఒంటరిగా ఉంటాడు. పదకొండు కొడుతుంది. పన్నెండింటికి దెయ్యాలు వస్తాయి. ఆ గంటంతా ఒక్కడే మాట్లాడతాడు. కాలాన్ని ఆగమంటాడు, కొండల్ని మీద పడమంటాడు, మేఘాన్ని దాచమంటాడు. మధ్యలో అరగంట కొడుతుంది. తర్వాత పన్నెండు. నేను ఇది ట్రాన్స్‌లేట్ చేయకుండా అలాగే వినిపించాను. వాడికి పదో వంతు మాటలు కూడా తెలియవు. చీకట్లో పడుకుని విన్నాడు. పన్నెండు గంటలు కొట్టడం మొదలవగానే "రేయ్, రెండో అరగంట తొందరగా అయిపోయింది కదా" అన్నాడు.

నేను పొద్దున లేచి టెక్స్ట్ తీసి లెక్కపెట్టాను. మొదటి అరగంటకి ముప్పై చిల్లర పంక్తులు. రెండో అరగంటకి ఇరవై దాకా. మార్లో గడియారాన్ని తొందరపెట్టాడు. రాత్రి 11:59 డెడ్‌లైన్‌కి అసైన్‌మెంట్ పెట్టిన ఎవరికైనా ఆ లెక్క తెలుసు. నేను అప్పటికి ఆ సీన్ నాలుగుసార్లు విన్నాను, ప్రతి మాటకీ డిక్షనరీ చూశాను. ఆ తేడా నాకు తట్టలేదు. ఇంగ్లిష్ రాదని సెమినార్ ఎగ్గొట్టేవాడికి తట్టింది.

ఆ రోజు నుంచి 'ఇవి ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్ళకి' అనే మాట ఎవరన్నా నాకు ఒళ్ళు మండుతోంది. పక్కన మోడర్న్ ఇంగ్లిష్ పెట్టి అమ్మే పుస్తకాల మీద కూడా నాకు నమ్మకం పోయింది. కథ కోసం ఒక పేజీ సారాంశం చదువుకోండి, ఏఐనే అడగండి, తప్పులేదు. ఎవరు ఎవరో తెలిశాక ఇక చదవడం ఆపి వినండి. లైన్ లైన్‌కీ అర్థం చూసుకుంటూ పోతే మళ్ళీ మా తొమ్మిదో తరగతే.

విన్న తర్వాత ఆడి చూడాలనిపిస్తుంది, అది కూడా చెప్తాను. ఆ రోజుల్లో నటుడికి మొత్తం నాటకం ఇచ్చేవారు కాదు. కాపీ రాయించడం ఖర్చు, పైగా స్క్రిప్ట్ వేరే కంపెనీకి పోతుందనే భయం. తన మాటలూ, ప్రతి మాటకి ముందు ఎదుటివాడు చెప్పే చివరి రెండు మూడు పదాలూ మాత్రమే ఒక పొడవాటి కాగితపు చుట్ట మీద రాసి ఇచ్చేవారు. 'రోల్' అనే మాటే ఆ చుట్ట నుంచి వచ్చింది. ఎడ్వర్డ్ ఆలీన్ అనే పెద్ద నటుడి చుట్ట ఒకటి లండన్ డల్విచ్ కాలేజీలో ఇప్పటికీ ఉంది. ఫాస్టస్‌గా పేరు తెచ్చుకున్నదీ ఈయనే. సీఎస్ వాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. నీ ఫంక్షన్ నీకు తెలుసు, ఇన్‌పుట్ ఎప్పుడొస్తుందో తెలుసు, మిగతా కోడ్ ఎలా ఉందో తెలియదు. దాంతో స్టేజీ మీద నటుడు నిజంగానే చెవులు రిక్కించి వినాలి.

మేం నలుగురం సంతకం సీన్‌ని ఇలాగే చీటీలు రాసుకుని రూమ్‌లో ఆడాం. తెలుగులో. అనువాదం నాది, కాబట్టి ఘోరంగా ఉంది. రూమ్మేట్ ఒక చోట పట్టుకున్నాడు. "ఆత్మని అమ్ముకున్నాడు అంటే మనవాళ్ళకి తగలదురా. ఆత్మకి చావు లేదు, కాలదు, తడవదు అని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. అమ్ముకుంటే వాడికి పోయిందేముంది?" నిజమే కదా! ఒక గంట తన్నుకున్నాం. చివరికి వాడే తేల్చాడు. 24 ఏళ్ళు దెయ్యం నీకు పాలేరు, ఆ తర్వాత ఎప్పటికీ నువ్వు దానికి వెట్టి. 'వెట్టి' అనే మాట పడగానే మెఫిస్టోఫిలిస్ చీటీ చేతిలో ఉన్నవాడి గొంతు మారిపోయింది. 1870ల్లోనే వావిలాల వాసుదేవశాస్త్రి గారు 'జూలియస్ సీజర్'ని తెలుగు పద్యాల్లోకి తెచ్చారని తెలిశాక నాకు మా గంట గొడవ చిన్నగా అనిపించింది. ఆయన మొత్తం నాటకానికి ఎన్ని గంటలు తన్నుకులాడి ఉంటారో.

మా దగ్గర సామాన్లు ఏమీ లేవు, ఒక బకెట్, రెండు దుప్పట్లు. హెన్స్‌లో కంపెనీ 1598 సామాన్ల జాబితాలో మాత్రం ఫాస్టస్ కోసం డ్రాగన్, నరకపు నోరు, ఒక ఇంద్రధనుస్సు ఉన్నాయి. కనిపించకుండా తిరగడానికి ఒక అంగీ కొన్నట్టు కూడా ఆయన లెక్కల్లో ఉంది. అది వేసుకున్నవాడు అందరికీ కనిపిస్తూనే ఉంటాడు. కనిపించడం లేదని జనం ఒప్పుకుంటారు, అంతే. నాకు గ్రాఫిక్స్ సినిమాల మీద ప్రేమే, కానీ ఈ అంగీ ముందు అన్నీ దిగదుడుపు.

అన్నీ ఇలా సరదాగా ఉంటాయని చెప్తే అబద్ధమవుతుంది. వెనిస్ వర్తకుడిని ఈ మధ్య మళ్ళీ విన్నాను, ఈసారి పరీక్ష లేకుండా. కోర్టు సీన్‌లో షైలాక్‌ని అందరూ కలిసి ఎగతాళి చేస్తుంటే, ఆస్తి లాక్కుని మతం మార్చుకోమంటుంటే కడుపులో తిప్పింది. మా క్లాసులో ఆ సీన్‌కి చప్పట్లు కొట్టాం. 1594లో రాణిగారి డాక్టర్ లోపెజ్, యూదు మూలాలున్నవాడు, కుట్ర నేరం మీద ఉరి తీయబడ్డాడు. ఆ ఏడాది మార్లో రాసిన 'జ్యూ ఆఫ్ మాల్టా' రోజ్‌లో మళ్ళీ మళ్ళీ ఆడి డబ్బు తెచ్చిందని హెన్స్‌లో లెక్కలు చెప్తున్నాయి. ఆ పెన్నీ ఇచ్చి నిలబడిన గుంపులో నేనూ ఉంటే నవ్వి ఉండేవాడినే, పదో తరగతిలో నవ్వాను కదా. నాటకం చెవిలో పడితే ఇది కూడా పడుతుంది. కామెడీల్లో పదాల మీద ఆడే జోకులు మాత్రం నాకు ఒక్కటీ పేలడం లేదు, వదిలేస్తున్నా.

షేక్‌స్పియర్‌తోనే మొదలుపెట్టాలని రూలేం లేదు. (ఇంకో మాట, 'మాక్‌బెత్', 'కింగ్ లియర్' ఎలిజబెత్ రాణి 1603లో పోయాక జేమ్స్ రాజు కాలంలో వచ్చినవి. క్విజ్‌లో అడిగితే నన్ను తలుచుకోండి.) థామస్ డెక్కర్ 1599లో రాసిన 'షూమేకర్స్ హాలిడే' వినండి. రాల్ఫ్ అనే చెప్పులు కుట్టేవాణ్ణి యుద్ధానికి పట్టుకెళ్తారు. వెళ్తూ కొత్త పెళ్ళానికి తాను కుట్టిన చెప్పుల జత ఇస్తాడు. కాలు దెబ్బతిని తిరిగొచ్చేసరికి ఆమె కనిపించదు. ఒకరోజు ఎవరో షాపుకొచ్చి, పెళ్ళికూతురికి సరిగ్గా ఇలాంటి జత కావాలని ఒక పాత చెప్పు ఇస్తాడు. అది తను కుట్టిందే. ఇంతకంటే మంచి ఇంటర్వెల్ బ్యాంగ్ మనవాళ్ళు కూడా రాయలేరు.

ఇప్పుడు మా రూమ్‌లో 'ఆర్డెన్ ఆఫ్ ఫేవర్‌షమ్' నడుస్తోంది. 1592లో అచ్చయింది, రాసిందెవరో తెలియదు. 1551లో నిజంగా జరిగిన హత్య. భార్య, ఆమె ప్రియుడు కలిసి భర్తని చంపడానికి బ్లాక్ విల్, షేక్‌బ్యాగ్ అనే ఇద్దరు కిరాయి హంతకుల్ని పెడతారు. ఆ ఇద్దరూ పరమ దద్దమ్మలు. ఒకసారి దుకాణం తలుపు చెక్క నెత్తిన పడుతుంది, ఇంకోసారి పొగమంచులో దారి తప్పి వాళ్ళలో ఒకడు గుంటలో పడతాడు. నవ్వుతూ వింటూ ఉంటాం, ఇంతలో ఒక రాత్రి ఆయన ఇంట్లో కూర్చుని ఆట ఆడుకుంటుండగా నిజంగానే చంపేస్తారు. బయట మంచు మీద అడుగుల గుర్తులు మిగిలిపోతాయి.

సెమ్ ఎగ్జామ్స్ అయ్యాక దీన్ని చీటీలతో ఆడదామనుకుంటున్నాం, తెలుగులోనే. ఆలిస్ పాత్ర ఎవరికీ ఇవ్వం అని మా రూమ్మేట్ తనే తీసుకున్నాడు, డైలాగులు కూడా వాడే రాస్తున్నాడు. ఇద్దరు హంతకులు ఇంకా కావాలి. ఇంగ్లిష్ రానక్కర్లేదు. బాయ్స్ హాస్టల్ రెండో ఫ్లోర్, చివరి రూమ్, రాత్రి మెస్ అయ్యాక.